ఈ కాలం పిల్లలకి క్రమశిక్షణ లేదన్నదెవరు?

ఈ కాలం పిల్లలకి క్రమశిక్షణ లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా మేనకోడలు 612 రోజులుగా, జ్వరమొచ్చినా, పరీక్షలున్నా, ఒక్క రోజు కూడా తప్పకుండా తన స్నేహితురాలికి ఫొటో పంపుతోంది. దేని ఫొటో అని అడక్కండి. పైకప్పుది.

తెలియనివాళ్లుంటే (ఉండరులెండి, ఇంటికొకరు ఈ దీక్షలోనే ఉన్నారు) స్నాప్‌చాట్ అనే ఫొటోలు పంపుకునే యాప్‌లో దీన్ని స్ట్రీక్ అంటారు. ఇద్దరూ 24 గంటల్లోపు ఒకరికొకరు ఫొటోనో వీడియోనో ఏదో ఒకటి పంపుకుంటే పేరు పక్కన అంకె ఒకటి పెరుగుతుంది, మంట బొమ్మ వెలుగుతూ ఉంటుంది. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం వస్తుంది. దాటిందా, ఆరువందలు కాస్తా సున్నా. డబ్బు కడితే ఆరిన మంటను మళ్లీ వెలిగించే సౌకర్యం కూడా పెట్టారు, ధర్మాత్ములు.

మొన్న ఆ పిల్ల నాలుగు రోజులు సిగ్నల్ లేని చోటికి వెళ్లాల్సి వచ్చింది. ఇంటి తాళాలు అప్పగించినంత గంభీరంగా నాకు పాస్‌వర్డ్ అప్పగించింది. "మావయ్యా, మొత్తం 19 మంది. రోజూ అందరికీ ఒకటి పంపు చాలు. ఏమీ రాయకు."

మొదటి రోజు శ్రద్ధగా కిటికీలోంచి ఆకాశం తీసి పంపాను. అట్నుంచి ఎవరిదో మోకాలు, ఎవరిదో సగం నుదురు, ఆరు గోడలు, ఒక సాక్సు వచ్చాయి, మిగిలినవన్నీ చీకటి. చీకటంటే కవిత్వం కాదు, కెమెరా మీద వేలు పెట్టి నొక్కిన చీకటి. రెండో రోజుకి నాకూ ఒడుపు తెలిసి మోచేయి పంపాను. మూడో రోజు రాత్రి పడుకున్నాక గుర్తొచ్చి ఫోన్ చూస్తే ఇసుక గడియారాలు బారులు తీరి ఉన్నాయి. ఈ వయసులో, చీకట్లో, హాల్లోకి పరిగెత్తి లైటేసి, బీరువా తలుపు ఫొటో తీసి 19 మందికీ పంపి చెమట తుడుచుకున్నాను.

నాలుగో రోజు తప్పు చేశాను. ఆరువందల రోజుల ఆప్తురాలు కదా అని, ఫొటో కింద "ఎలా ఉన్నావు?" అని రాశాను. నిమిషంలో జవాబు, "ఎవరు నువ్వు?" అని. అయిదు నిమిషాల్లో మిగతా 18 మందికీ హెచ్చరిక వెళ్లిపోయింది. "దాని అకౌంట్ ఎవడో హ్యాక్ చేశాడు, ఎలా ఉన్నావని అడుగుతున్నాడు."

చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఫేస్‌బుక్ మొదటి ప్రెసిడెంట్ షాన్ పార్కర్ 2017లో తన నోటితోనే చెప్పాడు, జనం సమయాన్నీ ధ్యాసనీ వీలైనంత ఎక్కువ ఎలా లాక్కోవాలన్నదే వాళ్ల ఆలోచనట, మనిషి మనసులోని బలహీనతను తెలిసే వాడుకున్నారట. పిల్లల మెదళ్లను ఇది ఏం చేస్తోందో దేవుడికే తెలియాలన్నాడు. దేవుడికెందుకయ్యా, ఇలాంటి యాప్‌లన్నీ కట్టింది మీరూ మీలాంటివాళ్లూ! స్నేహం తెగిపోకూడదని పదిహేనేళ్ల పిల్ల పట్టుపట్టి కూర్చోవడం బలహీనతా? ఆ వయసులో ఉండే గుణాలన్నిటిలోకీ మంచిది అదే. దాన్ని తవ్వుకుపోయి, అంకె తగిలించి, తెగితే డబ్బు తే ముడేస్తాం అంటారా? సిగ్గుండాలి. ఆ పట్టుదలలో సగం పెట్టినా ఒక భాష వచ్చేది. (భాష నేర్పే యాప్‌లోనూ స్ట్రీక్ పెట్టారనుకోండి, అక్కడా పాఠం కన్నా మంటే ముఖ్యం, ఆ గొడవ ఇంకోసారి.)

మేనకోడలు తిరిగొచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా ఫోన్ తెరిచింది. మంటలన్నీ క్షేమం. ఆ తర్వాత మెసేజ్‌లు చదివి ముఖం మాడ్చుకుంది.

"ఎలా ఉన్నావని అడిగావా? నీకేం చెప్పాను నేను?"

"అడిగితే అడిగాను. ఇంతకీ ఎలా ఉందట ఆ పిల్ల?"

"నాకేం తెలుసు?" అంటూ ఫోన్ ఎత్తి పైకప్పు ఫొటో తీసింది.