‘ఒక్క కంప్లైంట్ ఇస్తే చాలు, మగాడి ఉద్యోగం ఊడుతుంది’: మా బావ ఫార్వర్డ్‌కు జవాబు

పోయిన ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో బావ ఒక మెసేజ్ పెట్టాడు. అంతకుముందే అది మా నిజాంపేట అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు తిరిగింది. సారాంశం ఇది: సమానత్వం పేరుతో ఆఫీసుల్లో లైంగిక వేధింపుల కంప్లైంట్లు వినడానికి పెట్టే కమిటీలు మగవాళ్లను ఇరికించడానికే, ఒక్క కంప్లైంట్‌తో ఉద్యోగం పోతుంది, ట్రైనింగులు దండగ, బస్సేమో ఆడవాళ్లకు ఫ్రీ, ఇక ఇంట్లో ఎలాగూ వాళ్లదే రాజ్యం. కింద ‘మగాడివైతే పదిమందికి పంపు’ అని ఒక సవాలు. బావ పంపేశాడు.

ముందు ఉద్యోగం సంగతి. అసలు టెన్షన్ అంతా దాని గురించే. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం కంప్లైంట్‌ను ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. దాని కాపీ ఏడు పనిదినాల్లో అవతలి వ్యక్తికి పంపాలి. జవాబు రాసుకోవడానికి అతనికి పది పనిదినాలుంటాయి. సాక్షుల పేర్లు చెప్పుకోవచ్చు, కాగితాలు పెట్టుకోవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఫలితం నచ్చకపోతే అప్పీలుకు మరో 90 రోజులు. తప్పు తేలినా ప్రతిసారీ ఉద్యోగం తీసేయరు. రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక, ఇంక్రిమెంట్ ఆపడం, కౌన్సెలింగ్ కూడా శిక్షల జాబితాలో ఉన్నాయి. ఫార్వర్డ్ రాసినాయన 16వ సెక్షన్ చదివి ఉండడు. కంప్లైంట్ ఇచ్చినామె పేరుతోపాటు ఆరోపణ ఎదుర్కొంటున్నతని పేరు కూడా బయటపెట్టొద్దని అందులో ఉంది.

మరి అబద్ధపు కంప్లైంట్ ఇస్తే? కావాలని ఇచ్చారని తేలితే చర్య తీసుకోవచ్చని 14వ సెక్షన్ చెబుతోంది. రుజువు చూపలేకపోయినంత మాత్రాన అబద్ధమని తేల్చేయకూడదని కూడా అక్కడే రాసుంది. అది న్యాయమే. ఇద్దరే ఉన్న లిఫ్టులో జరిగినదానికి సాక్షి ఎక్కణ్నుంచి వస్తాడు?

ట్రైనింగులు దండగ అన్న మాటకు మాత్రం బావకు సగం మార్కులు వేస్తాను. మాదాపూర్‌లో నేను ఇదివరకు చేసిన ఆఫీసులో ఏటా ఒక గంట క్లాసుండేది. స్లైడ్లు గబగబా తిప్పేసి, ‘ఎనీ డౌట్స్?’ అనేలోపే అందరి కళ్లూ సమోసాల ట్రే మీద ఉండేవి. కమిటీ సభ్యుల జాబితా పాంట్రీలో మైక్రోవేవ్ వెనక అతికించారు. అందులో ఐదు పేర్లుంటే ఇద్దరు అప్పటికే కంపెనీ మానేశారు. మగవాళ్లను ఇరికించడం దేవుడెరుగు, కంప్లైంట్ ఇవ్వాలనుకున్నామెకు అది ఎవరికివ్వాలో తెలియాలి కదా! ఇలాంటి శిక్షణ ఇవ్వడం 19వ సెక్షన్ ప్రకారం యజమాని బాధ్యత. కమిటీయే వేయకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా పడుతుంది.

ఇక బస్సు. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. కండక్టర్ జీరో టికెట్ కొడతాడు, ఆ లెక్క చూసి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. మా బ్లాకులో పనిచేసే ఆమె జగద్గిరిగుట్ట నుంచి వస్తుంది. ఇదివరకు రెండు పూటలా షేర్ ఆటో ఎక్కేది. నెలాఖరుకు డబ్బులైపోతే కొంతదూరం నడిచేది. ఇప్పుడు ఆధార్ కార్డును పాలకవర్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంటుంది. మిగిలిన టైముతో, డబ్బుతో ఇంకో రెండిళ్లు ఒప్పుకుంది. ఆ ఛార్జీలు ఆమె జీతంలో ఎంత భాగమో బావ లెక్క వేసి చూడాలి. బస్సులో నిలబడటానికి కూడా చోటుండటం లేదన్నది నిజమే, నేనూ వేలాడుతూ వెళ్లినవాణ్నే. దానికి బస్సులు పెంచమని అడగాలి. ఆమెను దింపేస్తే నాకు సీటు దొరుకుతుందేమో గానీ, ఆమె పని పోతుంది.

ఇంట్లో రాజ్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెట్టారు. ఆ 88 కూడా ఎంతోకొంత పని చేసిన మగవాళ్ల సగటు. అసలు చెయ్యి తడుపుకోనివాళ్లు ఆ లెక్కలో లేరు.

ఇదంతా గ్రూపులో పెడితే బావ నుంచి ఒకటే రిప్లై: “మా షాపులో ఉండేది ఎనిమిది మందే కదా, మాకు ఈ కమిటీలూ గిమిటీలూ వర్తించవు.” బావది అమీర్‌పేటలో బట్టల షాపు. కౌంటర్లో ముగ్గురు అమ్మాయిలున్నారు. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా కంప్లైంట్ యజమాని మీదే ఉన్నప్పుడు, జిల్లాలో వేసిన స్థానిక కమిటీకి వెళ్లొచ్చు బావా. ఇళ్లలో పనిచేసేవాళ్లు కూడా అక్కడికే వెళ్లాలి.