ఎలుగు తిరిగే చోట గుడారమా?

(హైదరాబాద్ విద్యానగర్‌లో ఒక పాత డాబా ఇల్లు. సుభద్రమ్మ జంతుశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకురాలు. సంక్రాంతి సెలవుల్లో డిగ్రీ చదివే అమ్మాయిలను కొందరిని వెంటబెట్టుకుని నల్లమల అంచున, మన్ననూరు దగ్గర, రెండు రాత్రులు గుడారాల్లో ఉండి రావాలని ఏర్పాట్లు చేస్తోంది. అది విని భయపడిన ఒక అమ్మాయి తండ్రి సుభద్రమ్మ మేనల్లుడు రవికి ఫోన్ చేశాడు. రవి ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో డాక్టరు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. కాఫీ చల్లారకముందే వాదన మొదలైంది.)

రవి: అత్తయ్యా, మన్ననూరులో అటవీశాఖ వాళ్ల కుటీరాలు ఉన్నాయి కదా. గోడలున్నాయి, తలుపులున్నాయి, గడియలున్నాయి. అవి వదిలేసి గుడ్డ కింద పడుకోవడం ఎందుకు?

సుభద్రమ్మ: గదిలో పెడితే ఆ పిల్లలు ఫోన్ ఛార్జింగు పెట్టుకుని పడుకుంటారు. దానికి నల్లమల దాకా వెళ్లడం దేనికి, ఇక్కడే పడుకోవచ్చు. అయినా నేను అభయారణ్యం లోపల గుడారం వేయడం లేదు. అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. హద్దు బయట, తెలిసిన రైతు చేనులో వేస్తున్నాం.

రవి: ఆ హద్దు మీకూ రైతుకూ తెలుసు. ఎలుగుకు తెలుసా?

సుభద్రమ్మ: తెలియదు. ఆ మాటకొస్తే చిరుతకూ తెలియదు. 2024లో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోకే చిరుత వచ్చింది. మేకను ఎరగా కట్టి, బోను పెట్టి పట్టుకున్నారు. అంతకుముందు 2020లో రాజేంద్రనగర్ వైపు ఒకటి తిరిగింది. భయపడేటట్టయితే హైదరాబాద్‌లోనూ ఉండకూడదు.

రవి: శంషాబాద్‌లో పట్టుకున్న చిరుతను ఎక్కడికి తరలించారో గుర్తుందా? అమ్రాబాద్ అడవికి. మీరు పిల్లలను తీసుకెళ్తున్నది ఆ పక్కకే.

(సుభద్రమ్మ నవ్వింది. మొదటి దెబ్బ రవిదే. కానీ ఆమె ముప్పుతిప్పలు పెట్టే విద్యార్థులను చాలామందినే చూసింది.)

సుభద్రమ్మ: చిరుత సంగతి తర్వాత చూద్దాం. ఆ తండ్రి భయం ఎలుగు గురించే కదా? ఆయన ఏం చెప్పాడు నీకు?

రవి: అమెరికాలో ఉన్న వాళ్ల అబ్బాయి చెప్పాడట. తిండి గుడారంలో పెట్టుకోకూడదు, ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయాలి, ఎలుగు ముఖం మీద కొట్టే మిరపకారం స్ప్రే దగ్గర ఉంచుకోవాలి అని. అవేవీ మీ జాబితాలో లేవని ఆయన బాధ.

సుభద్రమ్మ: ఆ అబ్బాయి చెప్పింది అక్కడికి నిజమే. యోసెమిటీ అడవిలో నల్ల ఎలుగులు తిండి వాసనకు కారు తలుపులు పీకేస్తాయి. అందుకే అక్కడ రాత్రిపూట తిండిని ఇనుప పెట్టెల్లో దాచాలని నిబంధన పెట్టారు. ఇంకో విచిత్రం విను, ఆ స్ప్రేను యోసెమిటీలోకి తీసుకెళ్లనివ్వరు. గోధుమ రంగు ఎలుగులు తిరిగే యెల్లోస్టోన్‌లోనేమో వెంట ఉంచుకోమంటారు. ఒక్క దేశంలోనే అడవికో పద్ధతి ఉంటే, ఆ చిట్కాలను తెచ్చి నల్లమలలో ఎట్లా వాడతాం?

రవి: ఎలుగు ఎక్కడైనా ఎలుగే కదా?

సుభద్రమ్మ: కాదు నాయనా. మన ఎలుగుకు పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపల పెట్టి, ముక్కు రంధ్రాలు మూసుకుని, ఆ పళ్ల సందులోంచి చెదపురుగులను జుర్రుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. దాని లోకం చెదలు, చీమలు, తేనె, రేగు పళ్లు, ఇప్పపూలు. మన కూర గిన్నె కోసం అది గుడారం చింపడం అరుదు. దానితో వచ్చే చిక్కు వేరు. చూపు మందం, వినికిడీ అంతంతమాత్రమే. తిండి యావలో ఉన్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు. గమనించాక పారిపోదు. పులి ఉన్న అడవిలో బతకడం నేర్చిన జంతువు అది, చెట్టెక్కి తప్పించుకోవడం కన్నా ఎదురు తిరగడమే దానికి అలవాటు. మనిషిని తినడానికి రాదు, బెదిరి మీద పడుతుంది. కాబట్టి ఆ అబ్బాయి జాగ్రత్తలన్నీ ఆకలితో వచ్చే ఎలుగుకు సరిపోతాయి. మనం దానికి హఠాత్తుగా ఎదురుపడకుండా చూసుకోవాలి.

రవి: బెదిరి పడినా, ఆకలితో పడినా మా దగ్గరికి వచ్చేది ముఖమే అత్తయ్యా. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 దాకా ఎలుగుల బారిన పడిన 735 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించారు. 48 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు బతికారని సంతోషించవచ్చు. కానీ ఎలుగు గోరు తగిలిన ముఖం ఎట్లా ఉంటుందో మీరు చూడలేదు. కనుగుడ్డు, ముక్కు, నెత్తిచర్మం. కుట్లు వేయడం ఒక ఎత్తు, సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, రేబిస్ టీకా, గాయంలో రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ మందు, ధనుర్వాతం సూది, అదంతా ఇంకో ఎత్తు.

సుభద్రమ్మ: ఆ 735 మందిలో గుడారాల్లో నిద్రపోయినవాళ్లు ఎందరుంటారంటావు? ఎలుగు బారిన పడేది ఎక్కువగా కట్టెలకు, ఇప్పపూలకు, పశువుల వెంట అడవికి వెళ్లేవాళ్లు. 2022లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడిసింగి దగ్గర ఎలుగు ఒక రైతును చంపింది, ఇంకొందరిని గాయపరిచింది. జీడి, కొబ్బరి తోటల మధ్య బతికే ఊరది. అక్కడ ఎవరూ సరదాకు వెళ్లి దెబ్బ తినలేదు.

రవి: నా మాట మీరే అన్నారు. వాళ్లకు వెళ్లక తప్పదు. మీకు తప్పుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ కిడిసింగి ఎలుగు ఏమైంది?

సుభద్రమ్మ: మత్తు ఇచ్చి పట్టుకున్నారు. తర్వాత చనిపోయింది.

రవి: రేపు మీ అమ్మాయిల్లో ఒకరికి గీత పడినా చాలు, టీవీలు ఆ ఊరి మీద పడతాయి, ఊరివాళ్లు ఎలుగు మీద పడతారు. మీరు బస్సెక్కి విద్యానగర్ వచ్చేస్తారు. అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లు దానికి ఇంత దగ్గరగా పోకూడదని నా వాదన.

(ఈ మాటకు సుభద్రమ్మ దగ్గర సరైన జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆమె మాట మార్చింది, అది గడుసుతనమే అనుకోండి.)

సుభద్రమ్మ: అందుకే కాలం చూసి పెట్టుకున్నాను. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలతాయి, తెల్లవారుజామున మనుషులు, ఎలుగులు ఒకే చెట్టు కిందికి చేరతారు. వానాకాలంలో పాములు. సంక్రాంతికి చలి, పాముల తిరుగుడు తక్కువ.

రవి: సంక్రాంతికి ఎలుగు పిల్లలెక్కడుంటాయి?

సుభద్రమ్మ: (కాసేపాగి) బొరియల్లో. రాతి గుహల్లో. నవంబరు, జనవరిల మధ్య ఈనుతుంది. ఆ తర్వాత నెలల తరబడి వీపు మీద మోస్తుంది.

రవి: పిల్లల తల్లి ఉన్న కాలాన్ని ఏరి పట్టుకున్నారు!

సుభద్రమ్మ: ఏ నెల పట్టుకున్నా ఏదో ఒకటి ఉంటుంది. జనవరిలో రాళ్ల గుట్టల వైపు పోకూడదు, అంతే. చేను మైదానం. చుట్టూ పొదలు లేవు. పొద్దు పొడవకముందు, పొద్దు గుంకాక ఎవరూ ఒంటరిగా కదలరు. చెంబు పట్టుకుని చాటుకు పోయే వేళే అన్నిటికన్నా ప్రమాదం. ఇద్దరిద్దరుగా, టార్చి వేసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. నిశ్శబ్దంగా నడిస్తే అడవిని గౌరవించినట్టని పిల్లలకు ఎవరో నేర్పారు. ఎలుగు ఉన్నచోట అది తప్పు. పశువుల కాపరి ఊరికే కేకలు వేయడు, ఆవు మెడలో గంట ఊరికే కట్టడు.

రవి: ఎదురుపడితే?

సుభద్రమ్మ: అది చూడకపోతే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి. పరుగెత్తితే అది మనకన్నా వేగం. చెట్టెక్కితే అదీ ఎక్కగలదు. మీద పడితే బోర్లా పడుకుని, వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతుల మధ్య ముఖం దాచుకోవాలి. వీపున సంచి ఉంటే ఉండనివ్వాలి. పోయేదాకా కదలకూడదు. దీన్ని ఇక్కడే మేడ మీద ఒకటికి పదిసార్లు చేయించి తీసుకెళ్తాను.

రవి: కర్ర? 2023లో అలిపిరి నడకదారిలో చిరుత చిన్నపాపను చంపాక తిరుమల కొండకు నడిచేవాళ్లకు కర్రలు పంచారు. జనం నవ్వుకున్నారు.

సుభద్రమ్మ: నవ్వినవాళ్లు కర్రతో చిరుతను కొట్టాలనుకున్నారు. కర్ర రాయి మీద తట్టడానికి, ముందున్న గడ్డి కదపడానికి. అక్కడ అసలు మంచి పని వేరే జరిగింది, చిన్నపిల్లలను మధ్యాహ్నం దాటాక మెట్ల దారిలో పంపకపోవడం.

రవి: రాత్రి చలిమంట వేస్తారు కదా, కనీసం అదైనా కాపాడుతుందేమో.

సుభద్రమ్మ: మంట లేదు.

రవి: లేదా? అమ్మాయిలు దానికోసమే వస్తున్నారట!

సుభద్రమ్మ: అయితే రావద్దు. అడవి అంచున ఎండుటాకు మీద నిప్పురవ్వ పడితే ఎవరాపుతారు? పొగ కొండ తేనెటీగలను రేపిందంటే ఎలుగు కన్నా అవే ముందు చంపుతాయి. మంట ఉంది కదా అని కాపలా మానేసి నిద్రపోవడం మరీ చేటు. వంట ఊళ్లో రైతు ఇంట్లో. తిండి కూడా అక్కడే ఉంటుంది, గుడారంలో బిస్కెట్ ముక్క ఉండదు. నల్ల ఎలుగు కోసం కాదు, చీమకు, కోతికి, అడవిపందికి. మన ఎలుగుకు మాత్రం ఎంగిలి రుచి తెలియదనుకున్నావా? శ్రీశైలం శిఖరేశ్వరం దగ్గర భక్తులు వదిలిన కొబ్బరి ముక్కలకు ఎలుగులు వచ్చి తిరగడం వార్తల్లో చూడలేదూ?

రవి: సరే, ఎలుగును మీకు వదిలేస్తాను. నేను అత్యవసర విభాగంలో చూసేది ఎలుగును కాదు, కట్లపామును. నేల మీద పడుకున్నవాళ్లను అర్ధరాత్రి కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆడదు. చలికాలం తక్కువ అన్నారు, లేదనలేదు కదా.

సుభద్రమ్మ: గుడారం జిప్పు పూర్తిగా మూసి ఉంచుతాం. చెప్పులు దులిపి వేసుకుంటారు.

రవి: రాత్రి ఎవరో ఒకరు జిప్పు తెరిచి వదిలేస్తారు. కరిస్తే కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి తేవాలి. ఏ ఆసుపత్రి? విషానికి విరుగుడు సీసాలు ఆ రాత్రి అక్కడ ఉన్నాయా? ఊపిరి ఆగితే గొట్టం వేసేవాళ్లున్నారా? పైగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం రోడ్డును అడవిలో మూసేస్తారు.

సుభద్రమ్మ: మూసేది మన్ననూరు చెక్‌పోస్టు నుంచి లోపలికి. మా చేను ఇటువైపు. అచ్చంపేట దాకా దారి తెరిచే ఉంటుంది. విరుగుడు సంగతి... కనుక్కోలేదు. కనుక్కుంటాను.

రవి: ఇంకొకటి. రైతు ఆ చేనులో ఏం వేశాడు?

సుభద్రమ్మ: ఆయన పత్తి తీసేశాడు, ఖాళీ. పక్కవాళ్లది వేరుశనగ.

రవి: వేరుశనగ ఉంటే అడవిపంది వస్తుంది. పంది వస్తుందని కొందరు రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ దొంగచాటుగా లాగుతారు. పంది కోసం పెట్టిన తీగకు మనుషులు కాలిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. మీ అమ్మాయిలు ఇద్దరిద్దరుగా, గట్టిగా మాట్లాడుకుంటూ చాటుకు వెళ్లేది ఆ చేను గట్టు మీదికే కదా?

(సుభద్రమ్మ ఇంతసేపు పులి, ఎలుగు, చిరుతలతో పోరాడింది. తీగ ఆమె పాఠంలో లేదు. ఫోన్ తీసి రైతుకు కలిపింది. ఆయన తన చేనులో తీగ లేదని వెంటనే చెప్పాడు. పక్క చేను మాట అడిగితే, రాత్రి ఎవరేం చేస్తారో తాను పూచీ పడలేనన్నాడు.)

సుభద్రమ్మ: ఆ చేను వద్దు. సంక్రాంతి సెలవులకు ఊరి బడి ఖాళీగా ఉంటుంది. ప్రహరీ ఉంది, బోరు ఉంది, మరుగుదొడ్లు ఉన్నాయి. సర్పంచిని అడిగి ఆ ఆవరణలో వేస్తాం.

రవి: గుడారం మాత్రం మానరన్నమాట.

సుభద్రమ్మ: మానను.

రవి: నేనూ ఒప్పుకోను. పంపవద్దనే ఆ తండ్రికి చెబుతాను.

సుభద్రమ్మ: చెప్పు. కానీ ఇనుప పెట్టె, స్ప్రే అని కాకుండా ఇప్పుడు మాట్లాడుకున్నదంతా చెప్పు. తీగ సంగతి, పాము సంగతి, పిల్లల తల్లి ఎలుగు సంగతి. విన్నాక పంపుతాడో మానతాడో ఆయన ఇష్టం. నువ్వు ముందు అచ్చంపేటలో విరుగుడు సీసాలెన్ని ఉన్నాయో కనుక్కో, డాక్టరువు కదా, నీకైతే చెబుతారు.