మీట నొక్కువారికి ఒక హెచ్చరిక

కీబోర్డు మీద కుడివైపు పై వరుసలో ప్రింట్ స్క్రీన్ అనే మీట ఒకటి ఉంటుందనీ, దాన్ని నొక్కితే చాలు తెర మీది దృశ్యం బొమ్మగా చేతికి వస్తుందనీ లోకంలో చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం నిజమే. సరిగ్గా అందువల్లనే ఆ పద్ధతిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. పాత ఐబీఎం పీసీలలో ఆ మీట తెర మీది అక్షరాలను నేరుగా ప్రింటరుకు పంపేది కనుక కనీసం కాగితమైనా ఖర్చయ్యేది. ఇప్పుడు ఆ పాటి త్యాగం కూడా అక్కరలేదు.

సంస్కారం గల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకరి ముందుగా, ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ అనే విండోను తెరిచి, అందులో తెర బొమ్మ తీసే ప్రోగ్రాము పేరైన స్క్రాట్ అని ఆంగ్లంలో ఐదక్షరాలు టైపు చేసి, ఎంటర్ నొక్కుతాడు. ఒక్క మీటతో పోయేదానికి ఆరు మీటలు పడతాయి కనుక బొమ్మ గౌరవం ఆరు రెట్లు పెరిగిందని గ్రహించాలి. ఆ బొమ్మలో కనిపించేది ఆయన తెరిచిన టెర్మినలూ, అందులో ఆయన కొట్టిన స్క్రాట్ అన్న మాటా మాత్రమే. తీయదలచుకున్న విండో దాని వెనుక ఉంటుంది. తలంబ్రాల వేళ వీడియో తీసేవారి వీపులను మాత్రమే దర్శించుకుని భోజనాల పందిరికి నడిచే జాతికి ఇది కొత్త అనుభవమేమీ కాదు.

అడ్డు తొలగడానికి స్క్రాట్ పక్కన హైఫన్ డి 5 అని చేర్చే వీలుంది. అప్పుడు స్క్రాట్ ఐదు సెకన్లు ఆగుతుంది. ఆ ఐదు సెకన్లలో టెర్మినల్‌ను కిందికి దించి, కావలసిన విండోను పైకి తెచ్చి, పడిపోయే మెనూను పడనిచ్చి, మౌస్‌ను పక్కకు జరిపి, ఊపిరి బిగబట్టాలి. సరిగ్గా నాలుగో సెకనుకు, పక్కింటివారి సత్యనారాయణ వ్రతానికి పిలుపు తెర మూల నుంచి జారుకుంటూ వస్తుంది.

ఫైలు పేరు విషయంలో మాత్రం స్క్రాట్ సంప్రదాయజ్ఞుడు. సంవత్సరం, నెల, తేది, గంట, నిమిషం, సెకను, ఆపైన తెర వెడల్పూ ఎత్తూ చెప్పి, చివర తన పేరు చెప్పుకుంటుంది. సంకల్పంలో గోత్రం ఒక్కటే తక్కువ. ఏ ఫోల్డరులో ఉండి ఆజ్ఞ ఇచ్చామో అక్కడే బొమ్మను వదిలి వెళ్తుంది కనుక, అటువంటివి నా యంత్రంలో ప్రతి మూలా ఉన్నాయి. ఏది దేని బొమ్మో ఆ పేర్లను బట్టి ఎవరూ చెప్పలేరు.

బొమ్మలతో పనిచేసే ఇమేజ్‌మ్యాజిక్ వారి ఇంపోర్ట్ అనే ఆజ్ఞ ఇంకా ఉదారమైనది. అడగకపోయినా బొమ్మ తీస్తుంది. ఒకనాడు నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైలు ఒకటి రాసి, అది పైథాన్ అని చెప్పే తొలి పంక్తిని మరచి, టెర్మినల్ ఆజ్ఞలను నడిపే షెల్‌కు అప్పగించాను. పైథాన్‌లో ఓఎస్ అనే భాగాన్ని తెచ్చుకోమని అర్థమిచ్చే ఇంపోర్ట్ ఓఎస్ అన్న వాక్యాన్ని షెల్ అక్షరాలా పాటించింది. మౌస్ బాణం కూడిక గుర్తుగా మారి, ఏ విండో తీయమంటారు అన్నట్టు నిలిచిపోయింది. కంగారులో ఎక్కడో నొక్కాను. ఓఎస్ అనే పేరుతో బొమ్మ తయారైంది. రెండో పంక్తి ఇంపోర్ట్ సిస్. మళ్ళీ కూడిక గుర్తు. ప్రోగ్రాము నడవలేదు గానీ, ఆల్బమ్ ఒకటి సిద్ధమైంది.

లినక్స్‌లో విండోలను తెర మీద చూపే కొత్త పద్ధతి వేలాండ్ వచ్చాక, ఒక అప్లికేషన్ మరొకదాని విండోలోకి తొంగిచూడటం మర్యాద కాదని తీర్మానించారు. అక్కడ స్క్రాట్ పప్పులు ఉడకవు. చోటు చూపడానికి స్లర్ప్, బొమ్మ తీయడానికి గ్రిమ్ అని ఇద్దరిని పెట్టుకోవాలి. ఆ గ్రిమ్ కూడా గ్నోమ్ అనే డెస్క్‌టాప్ గడప తొక్కదు. ముక్కు ఎక్కడ అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపడమే ఇదంతా అని ఆక్షేపించేవారు, అలా తిప్పడం వల్ల భుజానికి కలిగే వ్యాయామాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

మొన్న టెర్మినల్‌లో వచ్చిన ఎర్రర్‌ను ఈ పద్ధతిలోనే బొమ్మ తీసి సహోద్యోగికి పంపితే, అక్షరాలుగా పంపండి బాబూ, కాపీ చేసుకోవాలి అన్నాడు. వెంటనే 1980లలో హెచ్‌పీ ప్రయోగశాలల్లో మొదలై 2005లో అందరికీ విడుదలైన టెసెరాక్ట్ అనే ప్రోగ్రామును పిలిచి, ఆ బొమ్మలోని అక్షరాలను టెర్మినల్‌లోనే చదివించాను. అది సున్నాను ఓ అని చదివిందేమోనని అనుమానం వచ్చి, అతన్నే సరిచూడమందామని ఆ ఫలితాన్ని కూడా స్క్రాట్‌తో బొమ్మ తీసి పంపాను. ఈసారి ఐదు సెకన్లు ఆగే పని కూడా పడలేదు. తీయవలసిన టెర్మినల్ తెర మీదే ఉంది.