విరిగిన మ్యానిఫోల్డ్ బోల్టు పది నిమిషాల్లో ఊడి రాదు

ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాల సముదాయాన్ని (ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్) ఇంజన్ పై భాగానికి (హెడ్) పట్టి ఉంచే బోల్టు విరిగితే తుప్పు వదిలించే నూనె కొట్టి, మధ్యలో బెజ్జం వేసి, విరిగిన ముక్కను తిప్పి తీసే ఎక్స్‌ట్రాక్టర్ దించి తిప్పితే పది నిమిషాల్లో వచ్చేస్తుందట. కొత్త బోల్టును గట్టిగా బిగిస్తే మళ్లీ విరగదట. అసలు ఒక్క బోల్టు లేకపోయినా బండికి ఏమీ కాదట. ఈ సలహా తెగ తిరుగుతోంది. ఇందులో పనికొచ్చేది నూనె ఒక్కటే, అదీ రాత్రంతా నాననిస్తేనే.

‘ఎక్స్‌ట్రాక్టర్‌తో సులువు.’ తలకు పానా వేసి తిప్పితేనే రాక విరిగిన బోల్టు అది. దానికంటే సన్నటి ఎక్స్‌ట్రాక్టర్‌కు లొంగుతుందా? పైగా కొస సన్నగా ఉండే రకం దిగేకొద్దీ బోల్టు గోడలను బయటికి నెట్టి, మరల్లో ఇంకా బిగించేస్తుంది. అది గనక లోపల విరిగితే అసలు కష్టం అప్పుడే మొదలు. గట్టిపరచిన ఆ ఉక్కు మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుకు తెగదు, కార్బైడ్ బిట్టు కావాలి.

ముక్క కొంచెమైనా బయటికి ఉంటే వెల్డింగే మేలు. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ప్లగ్గు తీసేయాలి. ఎర్త్ క్లాంపు హెడ్ మీదే, పనికి దగ్గరగా పెట్టాలి. విరిగిన ఎం8 (8 మి.మీ. మర) ముక్క మీద వాషరు అతికించి, దానిపై ఎం10 నట్టు పెట్టి, లోపలంతా మిగ్ (తీగ అందిస్తూ చేసే) వెల్డింగ్‌తో నింపాలి. నట్టు ఎరుపు తగ్గాక పానా వేసి, ఒకేసారి లాగకుండా అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. వేడికి ఉబ్బి, చల్లారి కుంచించుకునేటప్పుడే తుప్పు పట్టు వదులుతుంది. అతుకు తెగి రెండు మూడు నట్లు ఊడి రావడం మామూలే. హెడ్‌ను క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగి మాత్రం వెల్డింగ్ చేయొద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

‘లోపలికి విరిగితే డ్రిల్ చేసేస్తే సరి.’ డ్రిల్ చేయాల్సిందే, కానీ చేత్తో అందాజుగా కాదు. విరిగిన చోటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అల్యూమినియం హెడ్ ఐతే బిట్టు మెత్తని వైపుకే జారుతుంది. ముక్కను చదును చేసి, నట్టనడుమ పంచ్ కొట్టి, మ్యానిఫోల్డ్ బెజ్జంలో సరిపోయే బుష్ (బిట్టును నడుమ నిలిపే గొట్టం) పెట్టి, 3 మి.మీ. ఎడమ తిరుగుడు బిట్టుతో మొదలెట్టాలి. మరల్లో పెద్దగా పట్టు లేని బోల్టు ఈ దశలోనే తిరిగి బయటికి వచ్చేస్తుంది. రాకపోతే మెట్టుమెట్టుగా 6.5 దాకా వెళ్లొచ్చు. ఎం8×1.25 మరకు ట్యాప్ డ్రిల్ (మర కోసే ముందు వేసే బెజ్జం) 6.8 మి.మీ., అది దాటితే మర పోయినట్టే, ఇన్సర్ట్ (కొత్త మర తొడుగు) వేసుకోవాలి. కొన్ని హెడ్లలో ఈ బెజ్జం వెనక నీటి జాకెట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీరు పారే దారి) ఉంటుంది కాబట్టి లోతు చూసుకోకుండా దించొద్దు.

‘గట్టిగా బిగిస్తే విరగదు.’ మ్యానిఫోల్డ్ వేడికి పొడవు సాగుతుంది, చల్లారి తగ్గుతుంది. ఆ లాగుడు చివరి బోల్టుల మీద ఎక్కువ, అందుకే తరచూ అవే పోతాయి. దానికి అదనపు బిగువు తోడైతే ఇంకా త్వరగా పోతాయి. నడుమ నుంచి చివరలకు, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించాలి. మరలకు యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే ముద్ద) పూస్తే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ లాగబడుతుంది, ఆ మేరకు తగ్గించాలి.

‘ఒకటి లేకున్నా ఫర్వాలేదు.’ చల్లటి ఇంజన్‌లో టక్‌టక్ మని, వేడెక్కాక తగ్గే శబ్దం ఆ ఖాళీదే. అక్కడి నుంచి గాలి లోపలికి పీలిస్తే ఆక్సిజన్ సెన్సర్ దాన్ని ఇంధనం తక్కువైనట్టు చూపిస్తుంది, ఈసీయూ అనవసరంగా ఇంధనం పెంచుతుంది. బయటికి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకీ చేరొచ్చు. అలా చాన్నాళ్లు నడిపిన బండికి కొత్త బోల్టు ఒక్కటే చాలదు. మ్యానిఫోల్డ్ విప్పి, ఫ్లాంజ్ (హెడ్‌కు ఆనే ముఖం) మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులతో) వంపు చూడాలి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి.