రెండు గొట్టాల రెగ్యులేటర్ గారికి ఆటోనగర్ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ డీఏ ఆక్వామాస్టర్ గారికి,

ఉభయకుశలోపరి. విశాఖ నుంచి మా బెజవాడ ఆటోనగర్‌కి వచ్చిన తుక్కు లోడులో, ఓడల పాత సామాను మధ్య, నల్లటి రబ్బరు గొట్టాలు రెండూ చెరో పక్కకి వేలాడేసుకుని మీరు, అంటే నీళ్ళలో దిగే డైవర్లకి సిలిండర్ గాలిని పీల్చినంతే అందించే రెగ్యులేటర్ గారు, దొరికారు. కొట్టు యజమాని మిమ్మల్ని తిప్పి కూడా చూడకుండా కాటా మీద పెట్టాడు. గొట్టాలతో సహా మొత్తానికీ ఇత్తడి రేటే కట్టాడు. రబ్బరుకి ఇత్తడి ధర పలికించిన ఘనత మీదే. వయసులో పెద్దవారు కాబట్టి మీరు అనే అంటాను.

ఇంతకీ ఈ ఉత్తరం దేనికంటే, మీ మీద నాకో ఫిర్యాదు ఉంది. మిమ్మల్ని చూసిన ప్రతివాడూ గుర్తుపట్టేస్తున్నాడు. నాకు తెలియదు అన్నవాడు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు.

పక్కింటి బాబాయి గారు చూడగానే, "కరోనాప్పుడు ఆక్సిజన్ పెట్టారే, అదే ఇది" అన్నారు. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజినీరు గారు బాయిలర్ తాలూకు భాగమని తేల్చి, ఏ బాయిలరో కూడా చెప్పారు. ఇంకొకాయన చీకటి పడ్డాక వచ్చాడు. కారు వీధి చివరే ఆపాడు. మీ ఇత్తడి వంక తదేకంగా చూసి, గొంతు తగ్గించి, "బియ్యం లాగుతుందా?" అని అడిగాడు. రైస్ పుల్లింగ్ పేరు చెప్పి రాగి చెంబులని కోట్లకి అమ్ముతామంటూ జనాన్ని ముంచే ముఠాల గురించి పేపర్లో చదవడమే కానీ, అభ్యర్థి స్వయంగా గడప తొక్కడం అదే మొదలు. "బియ్యం లాగదండీ, మనం లాగితే గాలి ఇస్తుంది" అన్నాను. "గాలిదేముందండీ" అని వెళ్ళిపోయాడు.

ఇక మా ఆటోనగర్ మెకానిక్. "అన్నా, ఇది ఏదో పాత కారు గ్యాస్ కిట్ రెడ్యూసర్" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మీరు మాత్రం నవ్వి ఉండరు. ఎందుకంటే మీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది వాడొక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో పెట్రోలు కరువై కార్లు గ్యాస్ మీద నడిచేవి. ఇంజిన్ పీల్చినంతే గ్యాస్ అందేలా ఎయిర్ లిక్విడ్ కంపెనీలో ఎమిల్ గాన్యాఁ అనే ఇంజినీరు ఒక వాల్వు చేశాడు. నీళ్ళలో మనిషి పీల్చినంతే గాలి అందాలని కోరుకున్న నౌకాదళ అధికారి జాక్ కుస్తో ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆ గ్యాస్ వాల్వు వంశమే మీది. బెజవాడ సీఎన్‌జీ ఆటోలకి మీరు వరసకి పెద్దనాన్న అవుతారు.

1943 జనవరిలో పారిస్ దగ్గర మార్న్ నదిలో మీ పూర్వీకుణ్ణి పరీక్షించారు. మనిషి అడ్డంగా ఈదితే బాగానే పనిచేసింది. నిలబడితే గాలి బుడబుడా పొర్లిపోయింది. తలకిందులైతే ఊపిరే అందలేదు. కాలువ మొదట్లో నీళ్ళు వృథాగా పోతూ, శివారు భూములకి చుక్క అందకపోవడం కృష్ణా డెల్టాలో మేము ఏటా చూసే సంగతే. మేము దానికి ధర్నాలు చేస్తాం, వాళ్ళు ఆలోచించారు. విడిచిన గాలి బయటికి పోయే దారి ఒక ఎత్తులో, ఊపిరికి కదిలి గాలి వదిలించే రెగ్యులేటర్ రబ్బరు పొర ఇంకో ఎత్తులో ఉండటమే తప్పని తేలింది. విడిచిన గాలిని కూడా రెండో గొట్టంలోంచి వీపు మీది డబ్బాకే తెచ్చి, పొర పక్కనే వదిలారు. మీకు రెండు గొట్టాలెందుకని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. చూసినవాళ్ళు మాత్రం ఒకటి స్పేర్ అనుకుంటున్నారు.

ఆ మెకానిక్కే మిమ్మల్ని బల్ల మీద పెట్టి, డబ్బా అంచు చుట్టూ ఉన్న క్లిప్పులు స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే లేపాడు. డబ్బా రెండు చిప్పలుగా విడిపోయింది. మధ్యలో పెద్ద గుండ్రటి రబ్బరు పొర, గట్టిపడి, అంచున చిన్న చిట్లు. దాని పక్కన గాలి బయటికి పోయే రబ్బరు వాల్వు. బాతు ముక్కులా ఉంటుంది కాబట్టి దాన్ని డక్‌బిల్ అంటారు. దాని పెదాలు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. అవతలి చిప్పలో సన్నటి లివర్. వాడు బొటనవేలితో నొక్కాడు. అది కిందికి దిగి మళ్ళీ లేచింది, టిక్కుమంటూ. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని అన్నాడు: "పీలిస్తే పొర లోపలికొస్తుంది, లివర్ తొక్కుతుంది, గాలి వదులుతుంది. కిట్‌లో ఇంజిన్ పీలుస్తుంది, ఇక్కడ మనిషి. అంతేగా అన్నా?"

అంతే. మూతకున్న బెజ్జాల్లోంచి నీళ్ళు పొరని నొక్కుతాయి కాబట్టి ఎంత లోతుకి పోతే అంత పీడనంతో గాలి వస్తుందని నేను చెప్పబోయేలోపే వాడు ఆ బెజ్జాల మీద వేలు పెట్టి నా వంక చూశాడు.

తర్వాత హైదరాబాదు నుంచి పాత వస్తువుల ప్రియుడొకాయన వీడియో కాల్ చేశారు. ఆయన లెక్క వేరు. "నేమ్ ప్లేట్ దగ్గరగా చూపించండి. రాయల్ అని ఉందా?" లేదన్నాను. ఎవరో పోయినట్టు నిట్టూర్చారు. మీ కంపెనీ యూఎస్ డైవర్స్ 1960ల్లో తెచ్చిన రాయల్ ఆక్వామాస్టర్ మీకు తమ్ముడే. సిలిండర్‌లో గాలి తగ్గుతున్నా ఊపిరి బరువెక్కకుండా చూసుకునే తమ్ముడు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ధర గురించే ఎత్తారు. పైగా పలకని నమ్ముకుంటే ఎలా? పాతవాటిలో ఒకదాని మూత ఇంకోదానికి పడుతుంది, పలక అటుదిటు అవుతుంది. లోపల పీడనం ఒకే మెట్టులో దిగుతుంటే 1955 నాటి మిస్ట్రాల్ అనే ఇంకో మోడల్ కుటుంబం, రెండు మెట్లలో దిగుతుంటే మీరు. క్లిప్పులు విప్పితే తేలిపోయే విషయం. "విప్పొద్దు, విప్పితే విలువ పోతుంది. క్రోమ్ మాత్రం కొత్తగా వేయించండి" అని సలహా ఇచ్చి ఫోన్ పెట్టేశారు. లోపల కుళ్ళినా పైన మెరవాలి. ఈ విషయంలో ఆయనకీ మా ఎన్నికల ఫ్లెక్సీలకీ పూర్తి ఏకాభిప్రాయం.

మీరు మాత్రం తక్కువ తిన్నారా? పీల్చినంతే గాలిచ్చే యంత్రం చేసిన మొదటి ఫ్రెంచివాళ్ళు మీవాళ్ళు కాదు. 1860ల్లోనే రూకెరోల్ అనే గనుల ఇంజినీరు, డెనెరూజ్ అనే నౌకాదళ అధికారి కలిసి చేశారు. లోకం దాన్ని హాయిగా మరిచిపోయి, ఎనభై ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపెట్టింది. ఇక మీ కుర్చీ లాగేసిన ఒంటిగొట్టం రెగ్యులేటర్ సంగతి. 1952లో మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ అనే ఆయన పార్పస్ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా డైవర్ల నోట్లో ఉండేది ఆ పద్ధతే. 1960లో మీ ఎయిర్ లిక్విడ్ వాళ్ళే ఆ కంపెనీని కొనేశారు. సముద్రం అడుగున సినిమాలు తీసిన కుస్తో పేరు అందరికీ తెలుసు, ఎల్డ్రెడ్ ఎవరని అడిగితే డైవర్లే తెల్లముఖం వేస్తారు. గుర్తుండటానికి కనిపెడితే చాలదు, కెమెరా కూడా ఉండాలి. కెమెరా అంటే జ్ఞాపకమొచ్చింది: మీ బుడగలు మెడ వెనక నుంచి పోతాయి, ముఖానికి అడ్డురావు. అందుకే నీటిలో ఫొటోలు తీసేవాళ్ళు మిమ్మల్ని ఆలస్యంగా వదిలారు. ఇది మాత్రం మెచ్చుకోవాల్సిందే.

మా ఊరికి డైవింగ్ జ్ఞానం లేదనుకునేరు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దాయి. వాటిని నీళ్ళ అడుగునే కోయడానికి విశాఖ నుంచి డైవర్లు దిగారు. ఆ రోజుల్లో బెజవాడలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ బోటు ఎక్కడ కోయాలో, ఎటు లాగాలో చెప్పాడు. కింద ఉన్నవాడు ఊపిరి ఎలా తీస్తున్నాడని ఒక్కడూ అడగలేదు. వరద తగ్గింది, బోట్లు పోయాయి, మా జ్ఞానం మాత్రం అలాగే ఉంది.

ఇట్లు,
మిమ్మల్ని ఇత్తడి రేటుకి కొన్న
ఒక బెజవాడ పౌరుడు

తా.క.: మా బాబాయి గారి అబ్బాయి మిమ్మల్ని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సిలిండర్‌కి బిగించి పున్నమి ఘాట్‌లో దిగి రీల్ తీస్తానంటున్నాడు. మీ గొట్టాలు ముడతల్లో చిట్లి ఉన్నాయని, సిలిండర్‌లో మిగిలిన గాలి ఎంతో చెప్పే గేజ్ మీకు లేదని, గాలి అయిపోతే కడ్డీ లాగి రిజర్వు తెరుచుకునే పాత వాల్వు కూడా మనింట్లో లేదని చెప్పాను. "ఒక్క నిమిషం రీలే కదా అన్నయ్యా" అన్నాడు. మీ క్లిప్పులు ప్రస్తుతం నా జేబులో ఉన్నాయి. వాడికి ఈత వచ్చేదాకా అక్కడే ఉంటాయి.