పోల్ కార్డు గారికి, ఫ్రిజ్ సాక్షిగా

గౌరవనీయులైన పోల్ కార్డు గారికి,

నమస్కారాలు. ఇక్కడ లండన్‌లో ఎన్నికలకి ముందు, ఓటెప్పుడు, ఎక్కడ వేయాలో చెబుతూ ఇంటికొచ్చే కాగితం తమరు. ఒకప్పుడు తమరు పోస్టుకార్డంతే ఉండేవారు. ఈమధ్య ఏ4 కాగితమై, కవరులో కూర్చుని శుభలేఖలా దిగుతున్నారు. మా ఇంట్లో మూడు ఓట్లు కాబట్టి మూడు శుభలేఖలు. మా అమ్మ మిమ్మల్ని ఫ్రిజ్ తలుపుకి వెంకన్న మాగ్నెట్ కింద పెట్టింది. పాలు తీసినప్పుడల్లా ఇద్దరి దర్శనమూ అయ్యేది.

నిన్న గురువారం సాయంత్రం, వానలో, మిమ్మల్ని తడవకుండా కోటు లోపల పెట్టుకుని, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేయడానికి చర్చి హాలుకి వెళ్ళాం. మా అమ్మాయికి పందొమ్మిది. మొదటి ఓటు. గుమ్మం బయట రోజెట్ (పార్టీ రంగు రిబ్బను పువ్వు) పెట్టుకున్న ఒకాయన మీ మీదున్న నంబరు రాసుకున్నాడు. మిమ్మల్ని పట్టించుకున్నది ఆయనొక్కడే. లోపల టేబుల్ దగ్గరావిడ మీకేసి చూడనైనా చూడకుండా ఫొటో ఐడీ అడిగింది.

తెలుసండీ, ఓటేయాలంటే ఫొటో ఐడీ చూపాలన్న 2022 చట్టం, 2023 మే నుంచి అమలు. ఏది చెల్లుతుందో మీ మీదే అచ్చేశారనీ తెలుసు. శుభలేఖలో ముహూర్తం తప్ప మిగతాది ఎవరు చదువుతారు?

అమ్మ సంచీలోంచి అరవై దాటినవాళ్ళకిచ్చే ఆయిస్టర్ కార్డు తీసింది. బస్సెక్కే కార్డు. చెల్లింది. అమ్మాయి తన ఆయిస్టర్ తీసింది, స్టూడెంట్‌ది. చెల్లదట! ఇద్దరూ ఎక్కేది ఒకే బస్సు, కార్డు ఆనించేది ఒకే పసుపు మిషన్‌కి. పైగా అమ్మ కార్డులో ఫొటో పక్కింటావిడలా ఉంటుంది, పిల్లది అచ్చు పిల్లలాగే ఉంది. నానమ్మ ముఖం ముఖమూ, మనవరాలి ముఖం బూడిదగుమ్మడికాయా?

పాస్‌పోర్టు తెమ్మన్నారు. అది రెన్యువల్‌కి పోయింది. ఏ ఐడీ లేనివాళ్ళకిచ్చే ఓటరు సర్టిఫికెట్ ఉచితమేనట, కాకపోతే ఆరు పనిదినాల ముందే అడగాలట. కౌన్సిల్ టాక్స్ కట్టించుకునేటప్పుడు ఒక్కడూ మా ఫొటో అడగలేదే! 2022 కౌన్సిల్ ఎన్నికల్లో లండన్‌లో ఓటేసింది సుమారు మూడింట ఒక వంతు మందే. ఓటేద్దామని తడుస్తూ వచ్చిన పందొమ్మిదేళ్ళ పిల్లని గుమ్మంలోంచి పంపేసి, యువత రావట్లేదని మళ్ళీ మీరే ఏడుస్తారు. ఓటుకి పనికిరాని నువ్వు, ఆరు వారాలు మా ఫ్రిజ్ మీద దేవుడి పక్కన ఎందుకు కూర్చున్నట్టు? సిగ్గుండాలి!

అభ్యర్థుల సంగతి ఎత్తను. గుంత పక్కన వంగి, వేలు చూపిస్తూ ఫొటో దిగినాయన్ని నాలుగేళ్ళ కిందటా చూశాను. గుంత కాస్త పెరిగింది, ఆయన జుట్టు తగ్గింది.

పిల్ల దారిపొడుగునా మాట్లాడలేదు. అమ్మ మాత్రం హుషారుగా ఉంది. వేలికి సిరా పెట్టలేదనీ, పెన్సిలిచ్చారనీ, ఎవరైనా రబ్బరుతో చెరిపేస్తే దిక్కెవరనీ ఒకటే ప్రశ్నలు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ అంది:

"దిగులుపడకే అమ్మలూ. మూడు గుర్తులు పెట్టుకోవచ్చన్నారు కదా. ఒకటి నాది, ఒకటి మీ నాన్నది, ఒకటి నీది, వేసేశాను."

మా వార్డుకి ముగ్గురు కౌన్సిలర్లు కాబట్టి ఎవరికైనా మూడు గుర్తులేనని చెప్పబోయి ఊరుకున్నాను. పిల్ల అప్పుడే మొదటిసారి నవ్వింది.

మిమ్మల్ని ఫ్రిజ్ మీంచి తీసేశాం. మాగ్నెట్ కింద పాస్‌పోర్టు ఆఫీసు రసీదు పెట్టాం.

ఇట్లు,
మీ వల్ల తడిసినవాడు