112 ఎత్తినవాళ్ళే 14416కు కలపాలి

గుండెనొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేస్తారని అనంతపురం జిల్లాలో ఏ ఊళ్ళోనైనా అడగండి, ప్రశ్న పూర్తి కాకముందే 108 అంటారు. 2005 ఆగస్టు 15న మొదలైన సర్వీసు అది, ఇరవై ఏళ్ళలో పిల్లలకు కూడా నోటికి వచ్చేసింది. అదే మనుషుల్ని ఇంకో మాట అడగండి. ఇంట్లో కొడుకు మూడు రాత్రులుగా కన్ను మూయలేదు, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని కొడవలి పట్టుకుని వాకిట్లో తిరుగుతున్నాడు, తల్లి దగ్గరికి పోయినా నెట్టేస్తున్నాడు, ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు? ఒకరు పోలీసులకు అంటారు, ఇంకొకరు వద్దు కేసవుతుంది అంటారు, ఎవరో నలుగురు మగవాళ్ళను పిలిచి తాడుతో కట్టేద్దాం అంటారు, తెల్లారాక దర్గాకో గుడికో తీసుకుపోదాం అనేవాళ్ళూ ఉంటారు. 14416 అనే నంబరు ఆ మాటల్లో రావడం చాలా అరుదు.

14416 అంటే టెలి మానస్, ఫోన్లోనే మానసిక వైద్య సలహా ఇచ్చే సర్వీసు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్రం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు, వెనక బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. నిమ్హాన్స్ మనకు కొత్త పేరేం కాదు, హిందూపురం, ధర్మవరం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్ళొచ్చే కుటుంబాలు ఎన్నో. 2024 నాటికే ఆ నంబరుకు వచ్చిన ఫోన్లు 10 లక్షలు దాటాయి. మంచి సర్వీసు, దాని గురించి గోడల మీద రాయాలి, బస్టాండుల్లో చెప్పాలి, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ప్రచారం ఒక్కటే సరిపోతుందని అనుకుంటే మాత్రం మనం తప్పు చోట వెతుకుతున్నట్టే. ఇల్లంతా అరుపులతో ఉన్న రాత్రి ఏ నంబరు దేనికో గుర్తుపెట్టుకుని సరైనదాన్ని ఎంచుకునే పని ఆ ఇంటివాళ్ళ మీద వేయకూడదు. వాళ్ళు అన్ని ఆపదలకూ ఒకటే అయిన 112 కొట్టినా, 108 కొట్టినా, అవతల ఎత్తినవాళ్ళే సరైన చోటికి కలపాలి. నేను అడుగుతున్నది ఇదొక్కటే.

ఎందుకంటే అసలు నిర్ణయం ఫోనెత్తిన మొదటి నిమిషంలోనే జరిగిపోతుంది. "సార్, మావోడు ఎట్లెట్లనో చేస్తాండాడు, చేతిలో కొడవలి ఉండాది, ఎవర్నీ దగ్గరికి రానీడు" అని ఒక అమ్మ ఏడుస్తూ చెబుతుంది. కంట్రోల్ రూములో ఉన్న మనిషి ముందున్న దారులు మూడు: పోలీసు, ఫైర్, అంబులెన్స్. కొడవలి అనే మాట వినబడింది కాబట్టి అది గొడవ కింద, పోలీసు ఖాతాలోకి పోతుంది. ఆపరేటర్ తప్పేమీ లేదు, అతనికి ఇచ్చిన గళ్ళు అవే. తర్వాత ఊళ్ళోకి జీపు వస్తుంది, సైరన్ వేసుకుని, లైట్లు వెలుగుతూ. తనను చంపడానికి ఎవరో వస్తున్నారని మూడు రోజులుగా భయపడుతున్న కుర్రవాడికి ఆ ఖాకీ బట్టలు చూడగానే ఏమనిపిస్తుంది? తను అనుకున్నదే నిజమని. అప్పటిదాకా ఎవరినీ కొట్టనివాడు అప్పుడు కొడవలి ఎత్తొచ్చు. ఆ తర్వాత అది నిజంగానే పోలీసు కేసు.

అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 2021 నుంచి 911కు ఫోన్ చేస్తే అడిగే మొదటి ప్రశ్నలోనే పోలీసా, ఫైరా, అంబులెన్సా అన్న వాటితో పాటు మానసిక ఆరోగ్య సేవలు కావాలా అని కూడా అడుగుతున్నారు. చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ ఆ నాలుగో మాట ఉంటేనే కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళకు ఇంకో దారి ఉంటుంది, శిక్షణా ఉంటుంది, ఆ లైను ఎత్తడానికి మానసిక సలహా ఇచ్చే ఒక కౌన్సిలరూ ఉంటారు. మన 112 కూడా వేర్వేరు నంబర్లను ఒక్క చోటికి తేవాలన్న ఆలోచనతో పుట్టిందే కదా, మరి మనసుకు సంబంధించిన ఆపద దానికి బయటే ఎందుకు ఉండాలి?

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని తేలిగ్గా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. మనిషి వింతగా ప్రవర్తిస్తున్నాడంటే ప్రతిసారీ అది మానసిక జబ్బే కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మందు మానేస్తే రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు, పోలీసులు తాగి గొడవ చేస్తున్నాడనుకుంటారు, నిజానికి వెంటనే వైద్యం అందకపోతే ప్రాణం పోగల స్థితి అది. షుగర్ మందులు వాడే పెద్దాయనకు షుగర్ బాగా పడిపోయినా మాట తడబడుతుంది, కోపం వస్తుంది, ఎదుటివాళ్ళను గుర్తుపట్టడు. ఇవన్నీ ముందు డాక్టరు చూడాల్సినవి. అందుకే మానసిక ఆపద అనగానే పోలీసులను తీసేసి ఫోన్ కౌన్సిలర్ ఒక్కరినే పెట్టమనడం లేదు. పోలీసు, 108, కౌన్సిలర్ ముగ్గురూ ఒకే కాల్ మీద ఉండాలంటున్నాను. ముందు ఎవరు కదలాలో ఆ కాల్‌లో అడిగే నాలుగైదు ప్రశ్నలు తేల్చాలి. ఏమైనా మింగాడా, చేతిలో ఏముంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా, మందు ఎప్పుడు మానేశాడు, ఇంతకుముందు ఏ మాత్రలు వాడేవాడు.

ఏదైనా మింగాడని తేలితే మాత్రం ఇంకో ఆలోచన వద్దు, 108 బండి కదలాలి, ఆ క్షణంలో మాటలతో కాలయాపన చేయకూడదు. మన జిల్లాలో పురుగుల మందు డబ్బా లేని రైతు ఇల్లు ఉండదు, కాబట్టి ఈ ప్రశ్న ప్రతి కాల్‌లోనూ మొదట రావాల్సిందే. అలాంటిదేమీ లేకపోతే లైను కట్ చేయకుండానే టెలి మానస్ కౌన్సిలర్‌ను కలపాలి. "ఈ నంబరుకు చేయండమ్మా" అని ఇంకో నంబరు చెప్పి పెట్టేయడం కలపడం కాదు. వణుకుతున్న చేతులతో ఇంకో నంబరు కొట్టి, భాష ఎంచుకుని, మళ్ళీ మొదట్నుంచి కథంతా చెప్పే ఓపిక ఆ తల్లికి ఉండదు, అక్కడితో వదిలేస్తుంది. కౌన్సిలర్ లైన్లోకి వచ్చాక, బండి ఇంటి ముందుకు వచ్చేదాకా ఆ కుటుంబంతోనే ఉండాలి. ఎదురు మాట్లాడొద్దు, నువ్వు చూసేది అబద్ధమని వాదించొద్దు, గుంపును దూరం పంపండి, చిన్నపిల్లలను పక్కింటికి పంపండి, వంటింట్లో కత్తులు తీసి దాచండి, తలుపుకు అడ్డంగా నిలబడొద్దు. ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తెలియని మాటలు ఇవి, ఒక గట్టి గొంతు ఫోన్లో చెబుతుంటే మాత్రం ఎవరైనా చేయగలరు. పోలీసులు అవసరమైనా సైరన్ ఆపి, వీలైతే మామూలు బట్టల్లో రమ్మని కంట్రోల్ రూమే వాళ్ళకు చెప్పాలి.

ఇదంతా నేను కొత్తగా కోరుతున్న దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. శరీరానికి జబ్బు చేసినవాళ్ళకు అంబులెన్స్ ఏ తీరులో, ఏ మేరకు, ఏ నాణ్యతతో అందుతుందో మానసిక జబ్బు ఉన్నవాళ్ళకూ అలాగే అందాలని 21వ సెక్షన్ చెబుతుంది. "ఇట్లాంటి కేసులకు పోలీసులను తీసుకురండి, మేం ఎక్కించుకోం" అని ఏ అంబులెన్స్ వాళ్ళన్నా అంటే అది చట్టానికి వ్యతిరేకం. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసరమైతే రిజిస్టరైన ఏ డాక్టరైనా, అంటే మన పీహెచ్‌సీలో ఉండే ఎంబీబీఎస్ డాక్టరు కూడా, 72 గంటల వరకు అత్యవసర వైద్యం అందించవచ్చు, దగ్గర్లోని మానసిక వైద్యశాలకు తరలించడమూ అందులో భాగమే. 100వ సెక్షన్ పోలీసుల గురించి. మానసిక జబ్బుతో దిక్కులేక తిరుగుతున్న మనిషిని, లేదా ఆ జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో మాత్రం పెట్టకూడదు. ఈ మూడు సెక్షన్లూ కంట్రోల్ రూము ఆపరేటర్‌కు, 108 బండి నడిపే పైలట్‌కు, అందులో రోగిని చూసుకునే ఈఎంటీకి, స్టేషన్‌లో రైటర్‌కు తెలిసి ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

కేసవుతుందన్న భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఫోన్ పట్టిన చేయి వెనక్కి పోయేది ఆ భయంతోనే. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు అని అదే చట్టంలోని 115వ సెక్షన్ అంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 కూడా 2024 జూలై 1 నుంచి పోయింది. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో మిగిలింది ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికో, అతని చేత ఏదైనా చేయించడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే వర్తించే సెక్షన్ మాత్రమే. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాస్తారు, అది రికార్డు, దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. అదే ఏడాది వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గిస్తామంది. ఫోన్ చేస్తే జైలు అనుకునే ఊళ్ళలో ఆ లక్ష్యం ఎలా చేరతాం?

సైకియాట్రిస్టులు ఎక్కడున్నారు అని అడుగుతారు, సరైన ప్రశ్నే. దేశంలో లక్ష మందికి ఒక్కరు కూడా లేరు, 0.75 అని లెక్కగట్టారు. కుందుర్పికో రాయదుర్గానికో అర్ధరాత్రి సైకియాట్రిస్టును బండిలో పంపడం ఇప్పట్లో జరిగే పని కాదు. అందుకే ఫోను లైను ముఖ్యమంటున్నాను, ఉన్న కొద్దిమందిని అందరికీ అందించే దారి అదే. ఉద్రేకంలో ఉన్న రోగిని శాంతింపజేసే ఇంజెక్షన్లు అందుబాటులో లేనివో ఖరీదైనవో కావు. వేలూరు సీఎంసీలో 200 మంది మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కలిపి ఇస్తే లోరాజెపామ్ అనే ఇంకో మందు కంటే త్వరగా శాంతించారని తేలింది, రెండూ చవకైన పాత మందులే. పీహెచ్‌సీ డాక్టరు పక్కన ఫోన్లో సైకియాట్రిస్టు ఉంటే ఆ ఇంజెక్షన్ ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో అక్కడికక్కడే తేలుతుంది. మామూలు డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఊళ్ళలోనే మానసిక వైద్యం అందించవచ్చని 1980ల్లో నిమ్హాన్స్ చేసి చూపించింది ఎక్కడనుకున్నారు, మన పక్కనే బళ్ళారి జిల్లాలో. 1996లో దేశమంతటికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది ఆ నమూనా మీదే. సరిహద్దు దాటితే చాలు అన్నంత దగ్గర జరిగిన పనిని మనం వాడుకోకపోవడం బాధగా ఉంటుంది.

బండి వచ్చేలోపు ఊళ్ళో ఎవరైనా ఆ ఇంటికి చేరగలరా అన్నది ఇంకో సంగతి. సచివాలయంలో ఏఎన్ఎం ఉన్నారు, మహిళా పోలీసు ఉన్నారు, ఆశా కార్యకర్త పక్క వీధిలోనే ఉంటుంది. వాళ్ళకు ఒక ఫోన్ పోతే పది నిమిషాల్లో వస్తారు. అయితే ఇక్కడ నాకు కొంచెం జంకు ఉంది. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ విషయం ఊరంతా తెలుస్తుందేమోనన్న భయం చిన్నది కాదు, ఆ భయంతోనే మొదటి ఏడాదంతా ఎవరికీ చూపించకుండా గడిపేసే ఇళ్ళున్నాయి. కాబట్టి స్థానికులను పంపాలా వద్దా అని కుటుంబాన్ని అడిగి పంపాలి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప.

ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోవాలి? కళ్యాణదుర్గం నుంచి అనంతపురం అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాయదుర్గం నుంచైతే ఇంకా దూరం. ఇంత దూరం వచ్చాక ఇక్కడ బెడ్ లేదు, కర్నూలు పెద్దాసుపత్రికి పొండి అంటే ఇంకో నూట యాభై కిలోమీటర్లు. ఏ ఆసుపత్రిలో సైకియాట్రీ బెడ్ ఖాళీ ఉందో, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో బండి కదిలే ముందే కంట్రోల్ రూముకు తెలియాలి. రెండ్రోజుల తర్వాత ఎవరో ఒకరు ఆ ఇంటికి ఫోన్ చేసి మాత్రలు వేసుకుంటున్నాడా అని అడగాలి, లేకపోతే మూడు నెలలకు అదే ఇంటి నుంచి అదే ఫోన్ వస్తుంది.

డబ్బు విషయం దాచిపెట్టి మాట్లాడను. అమెరికాలో యూజీన్ అనే ఊళ్ళో 1989 నుంచి కహూట్స్ అనే బృందం పనిచేసింది, పోలీసు కంట్రోల్ రూముకు వచ్చిన కాల్స్‌కే ఒక మెడిక్, ఒక క్రైసిస్ వర్కర్ కలిసి వ్యాన్‌లో వెళ్ళేవాళ్ళు, ఆయుధాలు లేకుండా. ప్రపంచమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. నిధుల కష్టాలు ముదిరి 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్ళో ఆ సర్వీసు ఆగిపోయింది. అందుకే దీన్ని ఏదో సంస్థ ఇచ్చే ఏడాది గ్రాంటు మీదో, ఒక కలెక్టర్ గారి ఉత్సాహం మీదో నడిపితే ఆ అధికారి బదిలీతోనే పోతుంది. 108 నడిచే బడ్జెట్‌లోనే కాల్ కలిపే ఏర్పాటుకు, రాత్రి షిఫ్టు కౌన్సిలర్ల జీతాలకు పద్దు ఉండాలి. ఒకేసారి రాష్ట్రమంతా అక్కర్లేదు, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఒక ఏడాది చేసి, ఎన్ని కాల్స్ కలిపారు, ఎన్ని ఇళ్ళకు పోలీసులు లేకుండానే పనైంది, ఎంతమంది ఆసుపత్రికి చేరారు అన్నది అందరికీ కనిపించేలా పెట్టండి.

ఈ ఏర్పాటు వచ్చేదాకా చదివేవాళ్ళు ఇంట్లో అందరి ఫోన్లలో 14416 సేవ్ చేసి పెట్టండి. ఏదైనా మింగారని అనుమానం వస్తే ముందు 108. ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకు చూపించాలి. 112కు చేస్తే ఆపరేటర్ అడిగేదాకా ఆగకుండా "మానసిక ఇబ్బందిలో ఉన్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అంబులెన్స్ పంపండి" అని మొదటి మాటగా చెప్పండి. చేతిలో ఏమైనా ఉంటే అది కూడా చెప్పండి, దాచొద్దు, వచ్చేవాళ్ళ ప్రాణాలూ ముఖ్యమే.